అవ్వ పెళ్లిచీర మనవరాలి పెళ్లికి: ఒక మరమ్మతు కేసు

పాత పట్టుచీరలు బాగుచేయడం నా పని. హైదరాబాద్‌లో చిన్న గది, పన్నెండడుగుల బల్ల, ఇద్దరు సహాయకులు. 17 ఏళ్లలో కొన్ని వందల చీరలు ఈ బల్ల మీద పరిచాను. వాటిలో ఈ ఒక్క చీర గురించి ఇంత వివరంగా రాస్తున్నానంటే, దీని దగ్గర నేను రెండుసార్లు తప్పు నిర్ణయం తీసుకున్నాను. రెండుసార్లూ కుట్టు బాగానే పడింది, ఆలోచనే తప్పింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకూ, ఇంట్లో పాత చీరను పెళ్లికి తీయాలనుకునేవాళ్లకూ ఉపయోగపడుతుందని రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాశాను. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

వధువుకు ఇరవై దాటి కొన్నేళ్లు. వాళ్లది రాయలసీమ కుటుంబం, హైదరాబాద్ వచ్చి చాలా కాలమైంది. పెళ్లికి ఏడు వారాలుందనగా తల్లీకూతుళ్లు వచ్చారు. అమ్మాయి వాళ్ల అవ్వ, అంటే తల్లి తల్లి, తన పెళ్లికి కట్టుకున్న చీరనే ఈ పిల్ల కూడా పీటల మీద కట్టుకోవాలనుకుంటోంది. 1970ల మొదట్లో ధర్మవరంలో కొన్న పట్టుచీర అది.

దానిమ్మ గింజ రంగు ఒళ్లు, చిలకపచ్చ అంచు, చిలకపచ్చ కొంగు. ధర్మవరం చీరల్లో అంచూ కొంగూ ఇలా ఒంటికి ఎదురు రంగులో ఉండటం మామూలే. ఇది కుట్టు అంచు. పేరు కుట్టే అయినా సూదితో కుట్టింది కాదు. ఒంటికి ఒక నాడె (నేతలో పోగును అటూ ఇటూ దాటించే సాధనం), రెండు అంచులకు రెండు నాడెలు, మొత్తం మూడు నాడెలతో నేస్తారు. ఒళ్లూ అంచూ కలిసే చోట ఒక పేక పోగును, అంటే చీర వెడల్పున సాగే పోగును, ఇంకోదానిలో మెలేస్తారు. ఆ మెలిక ఊడితే అంచు నిలవదు. ఈ సంగతి తర్వాత అవసరపడుతుంది.

చీరను చేత్తో పట్టుకుని కాస్త వంచి చూస్తే రంగు మారింది. ఒక పక్క నుంచి ఎరుపు, ఇంకో పక్క నుంచి రాణి రంగు. చీర పొడవునా సాగే పడుగు ఎర్ర పోగు, పేక రాణి రంగు పోగు. దానిమ్మ గింజ రంగు అని అందరూ అంటున్నది నిజానికి ఈ రెండూ కలిసి కంటికి కనిపించే రంగు.

జరీ పాతకాలపు వెండి జరీ. పట్టు దారం చుట్టూ సన్నటి వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత వేసింది. ఇలాంటి చీరల కోసమే 'పాత పట్టుచీరలు కొంటాం' అంటూ వీధుల్లో తిరుగుతారు. కొన్న చీరను కాల్చి, బూడిదలోంచి వెండి తీసుకుంటారు. వర్షాలు లేని ఒక ఏడాది అలాంటివాళ్లు ఇంటి ముందుకొచ్చి ధర చెప్పినా అవ్వ ఇవ్వలేదట. ఈ మాట చెబుతున్నప్పుడు తల్లి గొంతు మారింది. ఆ చీర మీద ఇక ఎవరూ కత్తెర పెట్టకూడదని ఆవిడ అప్పటికే మనసులో గట్టిగా అనుకున్నారని నాకు అర్థమైంది.

తెచ్చిననాటి స్థితి

బల్ల మీద తెల్ల పంచె పరిచి, దాని మీద చీర పరిచాను. ఆరేసి అంగుళాలకు ఒక గీత చొప్పున కాగితం మీద పటం గీసుకుని, ఎక్కడ ఏముందో నింపాను. మొత్తం 31 చిరుగులు. 19 కుచ్చిళ్లు వచ్చే చోట, 7 కూర్చునే చోట, మిగతావి అక్కడా ఇక్కడా. చిన్నవి అర అంగుళం, పెద్దది ఐదంగుళాలు. అన్నీ చీరను కట్టుకుంటే నిలువుగా కనిపించేవే. అంటే తెగింది పడుగు. పేక పోగులు మాత్రం చిరుగు మధ్యలో వదులుగా వేలాడుతున్నాయి.

ఎందుకిలా? చీరను ఏళ్ల తరబడి అవే మడతల్లో పెట్టెలో ఉంచారు. మడత పడిన చోట పడుగు పోగు వంగి ఉంటుంది. దానికితోడు పదేళ్ల క్రితం ఒక దుకాణంలో రోల్ ప్రెస్ చేయించి, పాలిష్ వేయించారు. గట్టిపడిన బట్టను మడిస్తే పోగు వంగడం మానేసి విరుగుతుంది. మూడు చిరుగుల వెనక ఎవరో ఇస్త్రీతో అతికించిన ఫ్యూజింగ్ (జిగురు బట్ట) ముక్కలు కూడా ఉన్నాయి. ఆ మూడింటి చుట్టూ, అతుకు ఎక్కడ ముగిసిందో సరిగ్గా అక్కడే కొత్త చిరుగులు వచ్చాయి. ఆ సంగతి నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా.

మరకలు రెండు రకాలు. కొంగు మీద తలంబ్రాల పసుపు. దాని పక్కనే అరచేయంత మేర గోధుమ ఎరుపు. రెండోది కూడా పసుపేనని చెబితే తల్లి నమ్మలేదు. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసినప్పుడు జరిగేదే ఇదీ. ఎప్పుడో ఎవరో ఆ మరక మీద సబ్బు రుద్దారు.

చివరగా పోగు బలం చూశాను. లోపలి చెంగు నుంచి ఒక పడుగు పోగు లాగి, రెండు చేతుల బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని మెల్లగా సాగదీశాను. అటుకులా విరిగింది. కొంగు చివరి నుంచి తీసిన పోగు మాత్రం గట్టిగా లాగితే గానీ తెగలేదు. ఒకే చీర, ఒకే వయసు, కానీ రెండు చివర్లకూ పొంతన లేదు. లోపలి చెంగు నడుము దగ్గర చెమటలో తడిసింది, లంగా బొందు కింద నలిగింది. కొంగుకు ఆ బాధ లేదు. ఇదీ నోట్‌బుక్‌లో ఉంది. దీని అర్థం మాత్రం నాకు మూడు వారాల తర్వాత గానీ తెలియలేదు.

శుభ్రం చేయడం: ఎక్కడ ఆగాలి

తల్లి అడిగిన మొదటి ప్రశ్న, మరకలు పోతాయా అని. అంచు లోపలివైపు ఒక మూల తడి తెల్లగుడ్డ పెట్టి పది నిమిషాలు అదిమి ఉంచాను. గుడ్డకు పచ్చ రంగు దిగింది. నీళ్లతో ఉతకడం అక్కడితో ఆగిపోయింది. డ్రై వాష్‌కూ వద్దన్నాను. అందులో నీళ్లుండవు నిజమే, కానీ మిషన్‌లో బట్ట తిరుగుతుంది. 31 చిరుగులున్న చీర ఆ డ్రమ్ములోంచి 60 చిరుగులతో వస్తుంది.

పసుపు ఎండకు వెలిసిపోతుంది. ఇంట్లో అందరికీ తెలిసిన విద్యే. కానీ ఎండ పట్టును కూడా తినేస్తుంది. ఇంత బలహీనమైన బట్టను మరక కోసం ఎండలో పెట్టడానికి నాకు చేయి రాలేదు. జరీ నల్లబడింది, అది వెండి సహజ గుణం. చింతపండు, టూత్‌పేస్ట్, తినేసోడా లాంటి చిట్కాలతో రుద్దితే నలుపుతోపాటు పైనున్న బంగారు పూత కూడా పోతుంది. ఒకసారి పోయిన పూతను తిరిగి తెచ్చే దారి లేదు. అందుకే చీర మీద సన్నటి నెట్ పరిచి, తక్కువ వేగంలో వాక్యూమ్‌తో దుమ్ము లాగి, మెత్తటి బ్రష్‌తో జరీ సందులు దులిపి ఆపేశాను. మరకలు మరకలుగానే ఉన్నాయి. తల్లి ముఖంలో నిరాశ కనిపించింది. అమ్మాయి మాత్రం 'తలంబ్రాల మరక ఉండనీ అక్కా' అంది.

మొదటి ప్రయత్నం: రఫూ

నాకు బాగా వచ్చిన పని రఫూ, అంటే చిరిగిన చోట పోగులు మళ్లీ అల్లడం. అలవాటైన పని దగ్గరికే చేయి ముందు వెళుతుంది. కుచ్చిళ్ల చోటున్న చిరుగుల్లో ఆరింటిని ఎంచుకుని, రంగు కలిసిన సన్నటి పట్టు పోగుతో పడుగు మళ్లీ అల్లాను. నాలుగు రోజుల పని. అడుగు దూరం నుంచి చిరుగు ఎక్కడుందో నా సహాయకురాలే కనిపెట్టలేకపోయింది.

తర్వాత చీరను కర్రకు చుట్టి, కుచ్చిళ్ల భాగం కిందికి వేలాడేలా మూడు రోజులు వదిలేశాను. పీటల మీద కూర్చుంటే పడే బరువుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. మూడో రోజు చూస్తే ఆరింటిలో నాలుగింటి పక్కన, రఫూ ముగిసిన చోట, కొత్త చిరుగులు.

కొత్త పోగు పాత పోగు కన్నా ఎన్నో రెట్లు బలమైనది. బరువు పడ్డప్పుడు కొత్త పోగు సాగదు, పక్కనున్న పాత పోగును కోసేస్తుంది. ఫ్యూజింగ్ ముక్కల చుట్టూ జరిగిందీ ఇదే. ఇంకొకరి పనిలో చూసి రాసుకున్న తప్పును నేను సూదితో ఇంకా అందంగా చేశాను. రఫూ మంచిదే, కానీ చిరుగు చుట్టూ ఉన్న బట్ట ఆరోగ్యంగా ఉన్నప్పుడే. మేకు తగిలి చిరిగిన చీరకు అది సరైన వైద్యం. బట్టే నీరసించిన చీరకు కాదు.

రెండో ప్రయత్నం: వెనక లైనింగ్

చిరుగును కలపడం మానేసి, బరువును ఇంకో బట్ట మోసేలా చేద్దామనుకున్నాను. పలుచటి, మెత్తటి సిల్క్ తీసుకుని, చీర రంగు వేయించి, వెనక పరిచి, రెండంగుళాలకో చిన్న కుట్టుతో పట్టించాను. కుట్టు బిగించకుండా కాస్త వదులుగా వదిలితే, లాగుడు లైనింగ్ మీద పడుతుంది, పాత పట్టు దాని మీద ఊరికే ఆనుకుని ఉంటుంది. ఈ ఆలోచన సరైనదే. లైనింగ్ ఎక్కడ వేశానన్న దగ్గరే తప్పు జరిగింది.

చీరను నాలుగు భాగాలుగా చూడండి. లోపలి చుట్టు సుమారు మీటరు పైన. తర్వాత కుచ్చిళ్లు, మీటరున్నర దాకా. తర్వాత పై చుట్టు, మీటరు లోపు. మిగతాది పైట, కొంగు. నేను కుచ్చిళ్లకూ పై చుట్టుకూ లైనింగ్ వేశాను. లోపలి చుట్టు వదిలేశాను. లోపల ఉండేదే కదా, ఎవరు చూస్తారు, ఊరికే నడుము దగ్గర లావెందుకు అనుకున్నాను.

ట్రయల్‌కు అమ్మాయిని పిలిచాను. చీర కట్టి, మా గదిలో ఉన్న చెక్కపీట వేసి, 'పెళ్లిలో ఎలా కూర్చుంటావో అలాగే కూర్చోమ్మా' అన్నాను. బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వాళ్లమ్మ పక్కనుండి పంతులుగారు చేయించేవన్నీ గుర్తుచేసుకుంటూ చేయించారు. ముందుకు వంగి అక్షతలు వేయడం, పక్కకు తిరగడం, చేతులు పైకెత్తి జీలకర్ర బెల్లం పెట్టడం. ఇరవై ఐదో నిమిషంలో, ఆమె చేయి పైకెత్తినప్పుడు, చిన్న శబ్దం వచ్చింది. ఎండుటాకు మీద అడుగేసినట్టు. అమ్మాయి చేయి అలాగే గాల్లో ఆపేసింది. 'అక్కా, నాకు తెలిసింది' అంది. కదల్లేదు, ఏడవలేదు. మేమిద్దరం మెల్లగా లేపి నిలబెట్టాం. కూర్చునే చోట లోపలి చుట్టు నాలుగంగుళాలు చిరిగింది. లైనింగ్ వేసిన పై చుట్టుకు ఏమీ కాలేదు.

ఆ రాత్రి నోట్‌బుక్ తీసి మొదటి రోజు రాసుకున్నది చదివాను. లోపలి చెంగు పోగు అటుకులా విరిగిందని నా చేతి రాతలోనే ఉంది. నేను కంటికి కనిపించే భాగాన్ని కాపాడాను. బరువు మోసే భాగాన్ని వదిలేశాను. బాసింపట్టు వేసుకుంటే తొడలు విచ్చుకుంటాయి, లోపలి చుట్టు ఒంటికి అతుక్కుని బిగుస్తుంది, పైన బొందు దాన్ని కదలనివ్వదు. అన్నిటికన్నా ఎక్కువ లాగుడు అక్కడే. అన్నిటికన్నా నీరసమైన పట్టు కూడా అక్కడే.

లోపలి చుట్టుకూ లైనింగ్ వేస్తే సరిపోదా అని మా సహాయకురాలు అడిగింది. మంచి ప్రశ్నే. ఒక రోజంతా దాని గురించి ఆలోచించాను. కానీ లైనింగ్ మోయాలన్నా పాత పట్టు తన బరువు తాను నిలుపుకోవాలి. లోపలి చెంగులో ఆ ఓపిక కూడా లేదు. పైగా కుచ్చిళ్లు రెండు పొరలై అప్పటికే మందంగా ఉన్నాయి, బొందులో దోపితే జారుతున్నాయి. మూడున్నర వారాల్లో ఈ చీరను మొత్తంగా నిలబెట్టే దారి నాకు కనబడలేదు. వాళ్లకు ఆ మాట చెప్పాలి.

కత్తెర పెట్టాలా

తల్లీకూతుళ్లతోపాటు అవ్వను కూడా తీసుకురమ్మన్నాను. చీర ఆవిడది. అప్పటిదాకా ఆవిడను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

మూడు దారులు కాగితం మీద రాసి ముందు పెట్టాను. ఒకటి, చీరను ఉన్నదున్నట్టు భద్రంగా చుట్టి ఇచ్చేస్తాను, పెళ్లిలో దాన్ని పళ్లెంలో పెట్టి అమ్మాయి చేతికివ్వండి. రెండు, అంచులూ కొంగూ మొత్తం కోసి కొత్త చీరకు వేయడం. మన దగ్గర చాలామంది చేయించుకునేది ఇదే. అందంగా వస్తుంది, కానీ పాత ఒళ్లు పూర్తిగా పోతుంది. మూడు, సగం సగం. లోపలి చుట్టూ కుచ్చిళ్లూ కొత్త బట్ట. పై చుట్టు, పైట, కొంగు పాతవి. చీరను ఒక్కచోటే అడ్డంగా కోస్తాం. అతుకు చివరి కుచ్చు మడత కింద పడుతుంది. ప్రతి దారికీ ఏం మిగులుతుందో, ఏం పోతుందో, ఎంత ఖర్చో రాశాను. మూడోదానికి మంచి కొత్త పట్టుచీర కొన్నంత అవుతుందని కూడా ముందే చెప్పాను.

తల్లి కత్తెర అన్న మాటకే తల అడ్డంగా ఊపారు. నేను ఏ దారినీ సమర్థించలేదు. ఇది బట్టకు సంబంధించిన నిర్ణయం కాదు, నా పరిధి దాటిన విషయం. 'అవ్వా, మీరేమంటారు?' అని మాత్రం అడిగాను.

ఆవిడ చీర మీద చేయి వేసి, చిరుగులు ఒక్కొక్కటే వేలితో తడుముతూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కూతురి వైపు తిరిగారు. 'నా మధుపర్కం చీర ఏమైందో తెల్సా నీకు? నువ్వు పుట్టినప్పుడు చింపి పొత్తిగుడ్డలు చేసినా. మెత్తగా ఉంటాదని. అప్పుడెవురూ ఏడ్సలే' అన్నారు. నా వైపు చూసి, 'కొంగు మాత్రం ముట్టుకోవద్దమ్మా. కోసిన గుడ్డ నాకియ్యి' అన్నారు. అంతే. తల్లి కళ్లు తుడుచుకుని మూడో దారి మీద టిక్కు పెట్టారు.

పనిచేసింది

ముందు రంగు. తెల్ల పట్టు కొని రంగు వేయిద్దామని మొదట అనుకున్నాను. నమూనా ముక్క తెచ్చి పక్కన పెడితే చీర పక్కన అది చచ్చినట్టుంది. చీరది రెండు పోగుల రంగు, ఒక్క రంగులో ముంచితే ఆ మెరుపు రాదు. నాకు తెలిసిన ఒక ధర్మవరం నేతన్నకు ఫోన్ చేసి, మగ్గం మీద ఎర్ర పడుగు ఎవరిదైనా ఎక్కి ఉందా అని అడిగాను. కొత్తగా పడుగు చేసి ఎక్కించాలంటే మూడు మీటర్ల కోసం ఎవరూ ఒప్పుకోరు, సమయమూ లేదు. ఎక్కి ఉన్న పడుగు మీద పేక మార్చడం మాత్రం నాడెలో కండె (పోగు చుట్టిన గొట్టం) మార్చినంత పని. అదృష్టం కొద్దీ దొరికింది. మూడు రకాల రాణి రంగు పేకలతో తలా నాలుగంగుళాలు నేసి పంపారు. వాటిని కిటికీ దగ్గర పగటి వెలుతురులో ఒకసారి, మండపంలో ఉండే లాంటి పసుపు లైట్ల కింద ఒకసారి చూశాం. పగలు బాగా కలిసిన ముక్క లైటు కింద విడిపోయింది. రెండుచోట్లా ఒప్పుగా ఉన్న రెండో ముక్కను ఎంచుకుని మూడుంపావు మీటర్లు నేయించాం.

కొత్త పట్టు బిరుసుగా ఉంటుంది. దాన్ని మామూలు నీళ్లలో రెండుసార్లు జాడించి, నీడన ఆరేసి, రెండు రోజులు వేలాడదీశాను. అది కుదురుకోకముందే అంచు కుడితే, తర్వాత అది మారినప్పుడు అంచు ముడతలు పడుతుంది.

పాత చీరను 2.6 మీటర్ల దగ్గర అడ్డంగా కోశాను. కోసే ముందు రెండు వైపులా సన్నటి పట్టుపోగుతో ఒక వరస కుట్టి పెట్టాను, పోగులు జారకుండా. విడిపోయిన ముక్క నుంచి కింది అంచును మాత్రమే తీశాను. పై అంచు బొందులో దోపేస్తాం, కనబడదు, ఊరికే లావు. అంచును కుట్టు దగ్గర కాకుండా, ఒంటిలో అర అంగుళం లోపలికి కోశాను. ముందు చెప్పిన మెలిక అలా భద్రంగా ఉండిపోయింది. ఆ అర అంగుళం ఒంటి బట్ట వెనక్కి మడిచి కొత్త బట్ట మీద పరిచాను.

త్వరగా అవుతుందని అడుగు పొడవు మిషన్ మీద వేసి చూశాను. అంచు పాములా మెలికలు తిరిగింది. జరీ అంచు సాగదు, కొత్త ఒళ్లు సాగుతుంది, మిషన్ దారం రెంటినీ ఒకే బిగువున పట్టేస్తుంది. అది విప్పేసి మిగతా అంతా చేతికుట్టు. ఒంటి పోగు, చిన్న కుట్లు, ప్రతి జానెడుకూ బట్టను ఎత్తి వేలాడదీసి చూసుకోవడం. ఇద్దరం కలిసి తొమ్మిది రోజులు కూర్చున్నాం.

అడ్డ అతుకు దగ్గర రఫూ నేర్పిన పాఠం అక్కరకొచ్చింది. కొత్త బట్టా పాత బట్టా ఒకే గీత మీద కలిస్తే బరువంతా ఆ గీత మీద పడి పాతది కోసుకుపోతుంది. అందుకని పాతదాన్ని కొత్తదాని మీదికి ముప్పావు అంగుళం ఎక్కించి, వెనక మూడంగుళాల పలుచటి సిల్క్ పట్టీ వేసి, మూడు వరసల్లో ఎడం ఎడంగా కుట్టాను. ఏ రెండు కుట్లూ ఒకే పడుగు పోగు మీద పడలేదు. పై చుట్టుకు ముందు వేసిన లైనింగ్ అలాగే ఉంచాను. అది ట్రయల్లో నిలిచింది. భుజం మీద పిన్ను పడే చోట లోపలివైపు చిన్న నూలు పట్టీ కుట్టాను. పిన్ను ఆ పట్టీకే గుచ్చాలి.

కొత్త జాకెట్ విషయంలో తల్లికి కొత్త బంగారంలా మెరిసే జరీతో మగ్గం వర్క్ కావాలనుంది. అలా చేస్తే పక్కనే ఉన్న పాత కొంగు మసిబట్టినట్టు కనబడుతుందని చెప్పి, నలుపు తిరిగిన యాంటిక్ జరీతో చేయించాం. జాకెట్ తగ్గితేనే కొంగు వెలిగింది.

పెళ్లి రోజు కోసం

ఈసారి చీరను వదిలి పెళ్లి తంతును పటం గీశాను. వాళ్ల ఇంట్లో గౌరీపూజ, తర్వాత మేనమామ గంపలో పెట్టి మండపానికి తేవడం, జీలకర్ర బెల్లం. అది అయ్యాక మధుపర్కాలు కట్టుకుని వచ్చి మాంగల్యధారణ, తలంబ్రాలు. అంటే అవ్వ చీర మొదటి భాగానికి చాలు. కొంగుముడి, ఏడడుగులు, తలంబ్రాలు ఏవీ దాని మీద పడవు. ముహూర్తమంటే జీలకర్ర బెల్లమే కాబట్టి అమ్మాయి కోరికా తీరుతుంది.

గంప నన్ను భయపెట్టింది. వెదురు పేళ్లు జరీకి తగిలితే లాగేస్తాయి, అందులో ముడుచుకుని కూర్చోవాలి, పైకెత్తినప్పుడు బరువంతా వెనక పడుతుంది. గంపలో మెత్తటి బొంత అంచుల మీదికి వచ్చేలా పరిచి, దాని మీద పాత నూలు పంచె వేయమన్నాను. రెండో ట్రయల్లో గంప కూడా తెప్పించాను. చీర కట్టే అమ్మాయికి కూడా ఆ రోజే అన్నీ చెప్పాను. ముందురోజు కుచ్చిళ్లు పెట్టి ఇస్త్రీ చేసి బాక్స్ ఫోల్డింగ్ చేయొద్దు, పాత భాగానికి ఇస్త్రీ పెట్టె తగలకూడదు, పిన్నులు మూడే, వాటి చోట్లు ఇవే. ఆ అమ్మాయి ఓపికగా ఫోన్‌లో వీడియో తీసుకుంది.

చీర ఒంటి మీద గంటా నలభై నిమిషాలుంది. పెళ్లయిన మూడో రోజు నా దగ్గరికి వచ్చింది. బల్ల మీద పరిచి మళ్లీ పటంతో పోల్చాను. అతుకు కదల్లేదు. గంప వల్ల ఏమీ కాలేదు. లైనింగ్ కుట్లు రెండు తెగాయి. తెగాల్సినవి అవే, పట్టు తెగకుండా. కానీ నడుము ఎడమ పక్క పైట మీద మూడంగుళాల మేర పోగులు లేచి, జరీ రెండుచోట్ల తెగి ఉంది. ఏమైందో మొదట అర్థం కాలేదు. ఫొటోలు చూస్తే తెలిసింది: వడ్డాణం. రెండు ట్రయల్స్‌లోనూ ఒక్క నగ కూడా పెట్టించలేదు నేను. పీటను తెప్పించాను, గంపను తెప్పించాను, వడ్డాణం గుర్తురాలేదు. దాని వెనక కొక్కెం చీరను ఆ గంటన్నరా రుద్దింది. లోపల ఒక నూలు పట్టీ వేసుంటే సరిపోయేది.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

చీర ఎవరిదో వాళ్లను మొదటి రోజే పిలిపిస్తున్నాను. మూడు వారాల తర్వాత అవ్వను పిలిచాను, ఆవిడ ఐదు నిమిషాల్లో తేల్చేశారు. మొదట్లోనే అడిగి ఉంటే ఆరు రఫూల శ్రమా, తల్లి టెన్షన్ అంతా తప్పేది.

చిరుగులు లెక్కపెట్టడానికి ముందే పోగు బలం చూస్తున్నాను, చీరలో నాలుగుచోట్ల. పోగు విరిగే చోట రఫూ అన్న మాటే ఎత్తడం లేదు. ఏ తంతుకు కడతారు, ఎంతసేపు, కిందా పీట మీదా, ఏమేం నగలు, ఎవరు ఎత్తుకుంటారు అన్నవి మొదటి కాగితంలోనే రాయించుకుంటున్నాను. ట్రయల్‌కు నగలన్నీ తెచ్చుకోమంటున్నాను. బంగారం ఇల్లు దాటించడానికి భయపడేవాళ్లకు అదే బరువున్న ఇమిటేషన్ వడ్డాణం ఒకటి గదిలోనే ఉంచాను.

కోసిన ఒళ్లు రెండు ముక్కలుగా, తెల్ల నూలుగుడ్డలో చుట్టి అవ్వకు ఇచ్చాను. ఫ్యూజింగ్ ముక్కలు ఊడదీసి, రఫూలు అలాగే ఉంచి. చీరను మడవకుండా లావుపాటి అట్ట గొట్టానికి నూలుగుడ్డ వేసి చుట్టి పంపాను. కలరా ఉండలు జరీకి తగలకుండా చూసుకోమన్నాను. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి ముందు ఏటా ఒకసారి తెచ్చి చూపించమన్నాను. పోయిన శ్రావణంలో తెచ్చారు. వడ్డాణం తగిలిన చోట లేచిన పోగులు ఇంకా పెరగలేదు. లైనింగ్‌లో తెగిన రెండు కుట్లు మళ్లీ వేసి, గొట్టం మీద చుట్టే దిశ మార్చి పంపించాను.